వర్జ్యానికి ముందే తీసేసిన లైబ్రరీ

కంప్యూటరుకు ముహూర్తం పెట్టిన ఆఫీసులో నేను పనిచేశాను. ఈ మాట చెబితే ఇప్పటి కుర్ర ఇంజినీర్లు నవ్వుతారు. మీ ఆఫీసుకు కొత్త సర్వరు వచ్చిన రోజున దాని ముందు కొబ్బరికాయ కొట్టిందెవరో కనుక్కోండి. ఆ తర్వాత నవ్వుదురుగాని.

అది 1999 వేసవి. గవర్నర్‌పేటలో ఒక లారీ పార్సిల్ కంపెనీ. బందరు, గుడివాడ, తెనాలి, నూజివీడు లాంటి ఊళ్ల నుంచి సరుకు మా దగ్గరికి చేరి, ఇక్కడి నుంచి హైదరాబాదుకో మద్రాసుకో పోయేది. ఏ బుట్ట ఎవరిది, ఏ లారీ ఎక్కింది, ఎక్కడ దిగాలి అన్న వివరమంతా ఒకే ఒక లినక్స్ కంప్యూటరులో ఉండేది. బుకింగ్ కౌంటర్లలో ఉన్న టెర్మినళ్లన్నీ తీగలతో దానికే కట్టి ఉండేవి. దాన్ని చూసుకునేవాళ్లం ఇద్దరమే. నేనూ, నాకన్నా వయసులో బాగా చిన్నవాడైన ఒక సహోద్యోగీ. అతనిది వించిపేట. వాళ్ల నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, చూపు తగ్గి మానేశాడు. ఇంటికి జీతం తెచ్చేది ఇతనొక్కడే. నన్ను "గురువుగారూ" అని పిలిచేవాడు. అందులో గౌరవం కొంత, వేళాకోళం కొంత. నేను జ్యోతిషాన్ని దుయ్యబడుతూ ఉపన్యాసం అందుకుంటే, "గురువుగారూ, గ్రహాలు ఎక్కడికీ పోవు, ముందు టీ తాగండి" అనేవాడు.

మా మేనేజరుకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మేమంతా పెద్దాయన అని పిలిచే యజమానికి బడి చదువు కూడా లేదు. లారీ క్లీనరుగా మొదలై లారీలు కొన్న మనిషి. ఆయన బండికి నిమ్మకాయలు కట్టిస్తే నాకు వాదించాలనిపించేది తప్ప కోపం వచ్చేది కాదు. డిగ్రీ చేతిలో పెట్టుకుని మేనేజరు అదే పని చేస్తే మాత్రం ఒళ్లు మండేది. తెలియక నమ్మేవాడికి తెలియజెప్పవచ్చు. తెలిసీ నమ్మేవాడు తన చదువును ఆ నమ్మకానికి కాపలా పెడతాడు.

మేనేజరుకు ఒక సిద్ధాంతిగారు ఉండేవారు. ఆఫీసులో బల్ల జరపాలన్నా ఆయన్ని అడగాల్సిందే. చల్లటి గదిలో ఉన్న మా కంప్యూటరును ఆగ్నేయం మూలకు మార్పించింది ఆయనే. కరెంటుతో నడిచేది అగ్ని స్వభావమట, అగ్నిస్థానంలోనే ఉండాలట. ఆ మూలన టీ కాచే గ్యాసు పొయ్యి ఉంది. ఆ వేసవి మేము కంప్యూటరుకు ఒక టేబులు ఫ్యాను పెట్టి, మేము మాత్రం అట్టముక్కలతో విసురుకున్నాం.

అసలు కథకు వస్తాను. రెండువేల సంవత్సరం వస్తే పాత సాఫ్టువేరు తేదీలు తప్పుతుందని ఊరూవాడా భయం. మా బుకింగ్ సాఫ్టువేరుకు హైదరాబాదు నుంచి కొత్త కూర్పు వచ్చింది. అది కొత్త సి లైబ్రరీ మీద తయారైంది. మా కంప్యూటరులో ఉన్నది పాత సి లైబ్రరీ. కొత్త సాఫ్టువేరు నడవాలంటే కొత్త లైబ్రరీ పెట్టాలి.

లైబ్రరీ అంటే ఏమిటో మా పార్సిల్ ఆఫీసు భాషలోనే చెబుతాను. కౌంటరు గుమాస్తా బుట్టలు మోయడు. "ఇది దించండి, అది ఎక్కించండి" అని చెబితే ముఠావాళ్లు మోస్తారు. గుమాస్తాలు పదిమంది ఉన్నా ముఠా ఒక్కటే. లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ ఆ గుమాస్తాల్లాంటివి. ఫైలు తెరవాలన్నా, తెర మీద ఒక్క అక్షరం చూపాలన్నా అవి సి లైబ్రరీ అనే ముఠాను పిలుస్తాయి. ఫైళ్ల జాబితా చూపేదీ, ఫైలును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేదీ, చివరికి కంప్యూటరును నిద్రలేపేదీ అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఇందులో ఒక మేలు ఉంది. పాత ముఠా, కొత్త ముఠా ఒకే గోడౌన్లో పక్కపక్కన పనిచేయగలవు. పాత ప్రోగ్రాములు పాతదాన్ని దాని పేరుతో పిలుస్తాయి, కొత్తవి కొత్తదాన్ని పిలుస్తాయి. తగవు ఉండదు. ఒక ప్రమాదమూ ఉంది. కొత్త ముఠాను లోపలికి రానివ్వడానికి గేటు తీయాల్సింది పాత ముఠావాళ్లే. వాళ్లను ముందే పంపించేస్తే కొత్తవాళ్లు గేటు బయట నిలబడతారు, గుమాస్తాలు లోపల అరుస్తుంటారు, బుట్ట కదలదు.

కాబట్టి నేను ఎంచుకున్న పద్ధతి ఇది. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టాలి. నడుస్తోందో లేదో చూడాలి. పాతదాన్ని తీయకూడదు. పటమట గోడౌన్లో మూలపడి ఉన్న ఒక పాత కంప్యూటరు మీద ఇద్దరం కలిసి చేసి చూశాం. ఏ ఇబ్బందీ రాలేదు. మేనేజరుకు చూపించాం. ఆయన తల ఊపాడు.

తల ఊపినవాడు తిన్నగా సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లి, ముహూర్తంతో పాటు పద్ధతి కూడా ఆయన్నే అడిగాడని మాకు తెలియదు.

ముహూర్తం పెట్టిన రోజున బందరు బ్రాంచిలో ఫోను లైను చెడి నేను అక్కడికి వెళ్లాల్సివచ్చింది. ఆ పని అయ్యాక చేద్దామన్నాను. ముహూర్తం దాటిపోతుందన్నారు. ఎలా చేయాలో నా సహోద్యోగికి నాతో సమానంగా తెలుసు కనుక సరేనని వెళ్లాను.

పొద్దున బందరు బ్రాంచిలో ఉండగా ఫోను మోగింది. అతనే.

"గురువుగారూ, కొంప మునిగింది. ఏది కొట్టినా లైబ్రరీ దొరకలేదంటంది."

"పాతది ఉందిగా?"

"తీయించేశారండీ."

ఎందుకు తీశావని అడగలేదు. ముందు నిప్పు ఆర్పాలి. "తెర ఏదన్నా తెరిచి ఉందా?"

"నేను కొట్టిన తెర ఒకటి ఉంది. అదొక్కటే పలకతంది."

"అయితే బతికాం. దాన్ని మూయకు. మనం ముందుజాగ్రత్తకని పటమటలో వాడి చూసిన చిన్న పనిముట్టు ఆ కంప్యూటరులోనూ ఉంది. అది ఏ లైబ్రరీనీ అడగదు, దాని పని అదే చేసుకుంటుంది. దాంతో కొత్తదీ పాతదీ రెండూ తెచ్చి పెట్టు. టీ తాగేంతలో అయిపోతుంది. ఒక్కటే జాగ్రత్త, కంప్యూటరు ఆపనివ్వకు. ఆపితే ఆ తెర పోతుంది, మళ్లీ లేవదు."

"వెళ్తన్నా, లైన్లో ఉండండి."

ఫోను మేనేజరు గదిలో, కంప్యూటరు ఆగ్నేయం మూలన. రిసీవరు బల్ల మీద పెట్టి అతను పరుగెత్తిన చప్పుడు నాకు వినపడింది. వెనక ఎక్కడో పూజ గంట మోగుతోంది. ఆ తర్వాత అతని కేక.

"సార్ సార్, ఆపకండి సార్! ఆపితే పోద్ది!"

మేనేజరు గొంతు. "ఎందుకయ్యా అట్టా అరుస్తావ్? వర్జ్యంలో ఆడుతుంటే అట్టాగే ఉంటది. సిద్ధాంతిగారు చెప్పారు, లగ్నంలో మళ్లీ వేద్దాం."

"సార్, గురువుగారు లైన్లో ఉన్నారు, ఒక్క మాట..."

"ఆపేశానయ్యా. అయిపోయింది."

గంట ఇంకా మోగుతూనే ఉంది. నేను బందరులో రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి ఎంత అరిచినా బల్ల మీది రిసీవరులోంచి ఒక పురుగు గొంతు పాటి కూడా వినపడదు.

జరిగింది తర్వాత తెలిసింది. పాత సామాను ఉన్న ఇంట్లోకి కొత్త సామాను తేకూడదని, వర్జ్యం రాకముందే పాతదాన్ని తొలగించాలని, వర్జ్యం గడిచాక మంచి లగ్నంలో కొత్తదాన్ని ప్రతిష్ఠించాలని సిద్ధాంతిగారు చెప్పారు. అంటే వర్జ్యం ఉన్నంతసేపూ కంప్యూటరులో ఏ లైబ్రరీ ఉండదు. "అట్టా చేస్తే ఆగిపోద్ది సార్, గురువుగారు పక్కపక్కన పెట్టమన్నారు" అని నా సహోద్యోగి చెప్పాడు. "లారీకి ఇంజను మార్చేటప్పుడు పాతది దించకుండా కొత్తది ఎక్కిస్తారా? చెప్పింది చెయ్యి" అని మేనేజరు అన్నాడు. అతను రెండోసారి చెప్పాడు. మేనేజరు మూడోసారి చెప్పనివ్వలేదు.

పైవాడు చెప్పినా అతనెందుకు చేశాడని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్లెవరూ మరొకరి కింద పనిచేసి ఇల్లు గడిపినవాళ్లు కారు.

లగ్నంలో స్విచ్చు వేశారు. కంప్యూటరు లేవలేదు. లేపాల్సిన ప్రోగ్రాముకే ముఠా లేదు. అది మామిడిపళ్ల రోజులు. నూజివీడు బుట్టలు అరుగు నిండా దిగి ఉన్నాయి. ఏది ఎటు పోవాలో చెప్పే దిక్కు లేదు. నేను బస్సు దిగేసరికి పళ్ల వాసనా తిట్లూ కలిసి వీధి దాకా వస్తున్నాయి. ఫ్లాపీతో కంప్యూటరును లేపి, పాత లైబ్రరీని తిరిగి పెట్టి, కౌంటర్లు నడిచేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పటికి చాలా బుట్టల అడుగున పళ్లు కుళ్లిపోయాయి.

పళ్లు కుళ్లడం కన్నా హీనమైనది ఆ తర్వాత జరిగింది. మేనేజరు గుమాస్తాలనూ ముఠావాళ్లనూ బుకింగ్ హాల్లో నిలబెట్టి కారణం ప్రకటించాడు. పూజలో అందరూ బొట్టు పెట్టించుకున్నారట, ఒక్క మనిషి పెట్టించుకోలేదట. ప్రసాదం పక్కన పెట్టాడట. మీట నొక్కింది ఆ చెయ్యేనట.

"మనసు పెట్టని చేత్తో చేసిన పని ఇట్టాగే ఉంటది. నేను మతం మాట్లాడటం లేదు, శ్రద్ధ మాట్లాడుతున్నా."

మతం మాట్లాడటం లేదని చెప్పుకోవాల్సివచ్చిందంటే, మాట్లాడుతున్నది అదేనని మాట్లాడేవాడికే తెలుసు. నా సహోద్యోగి ముఖం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"బొట్టు పెట్టుకుంటే లైబ్రరీ తిరిగొస్తదంటే రేపట్నుంచి పెట్టుకునే వస్తా సార్."

ముఠావాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వును మేనేజరు క్షమించలేదు. తప్పు తనదేనని అతను ఇదే హాల్లో అందరి ముందూ ఒప్పుకుంటే ఇబ్రహీంపట్నం గోడౌనుకు మార్చి ఉద్యోగంలో ఉంచుతామని, ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోవచ్చని చెప్పాడు.

పని అయితే ముహూర్తబలం, చెడితే మనిషి దోషం. ఈ లెక్కలో పంచాంగం ఎన్నడూ ఓడిపోదు. ఓడిపోయేది ఎప్పుడూ ఎవరో ఒక మనిషి, అతనూ తిరిగి మాట్లాడలేని స్థితిలో ఉన్నవాడు. ఇదంతా ఎవరికీ కీడు చేయని చాదస్తమని వెనకేసుకొచ్చే పెద్దమనుషులకు ఆ రోజు అతని ముఖం చూపించాలనిపించింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర అతను గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"అనేస్తే పోద్దేమో గురువుగారూ. మాటేగా."

"మాటే అయితే వాళ్లనే అనమను."

"మీకేం, మీరు నాస్తికులు. మీతో వాదిస్తారు. నాతో వాదించరు, నన్ను పంపించేస్తారు." గ్లాసు కింద పెట్టాడు. "కానీ ఒకటండీ. ఇవాళ నాదేనంటే రేపు ఫ్యాను ఆగినా నాదే. కరెంటు పోయినా నాదే."

"మరి?"

"అనను. ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తన్నా, అంతే."

మర్నాడు పొద్దున నేను పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"ఏవయ్యా, నీకు దేవుడు లేడు, అతని దేవుడు వేరు. ఇద్దరూ కలిసి నా ఆఫీసు ముంచారంటన్నారు," అన్నాడాయన.

"అయ్యా, ముహూర్తం వల్ల పోయిందో, పద్ధతి వల్ల పోయిందో తేల్చుకునే మార్గం ఉంది. పటమటలో పాత కంప్యూటరు ఉంది. మేము అందులో పెట్టిన కొత్త లైబ్రరీని తీసేసి, దాన్ని తెచ్చి హాల్లో పెడతాను. సిద్ధాంతిగారినే దోషం లేని ముహూర్తం చూడమనండి. మేనేజరుగారే బొట్టు పెట్టుకుని, ఆ రోజు చేయించిన పనే తన చేత్తో చేయాలి. అదే రోజు రాహుకాలంలో మావాడు మా పద్ధతిలో చేస్తాడు. ఏది నిలబడుతుందో మీరే చూడండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నిలబడకపోతే?"

"అతనితో పాటు నన్నూ పంపించేయండి."

"పంతాలు వద్దులే. కంటికి కనపడితే చాలు," అన్నాడు.

సిద్ధాంతిగారు మొదట జంకారు. శాస్త్రాన్ని పరీక్షించకూడదన్నారు. "మరి నా బుట్టల మీద పరీక్షించారుగా స్వామీ?" అని పెద్దాయన అనేసరికి గురువారం పొద్దున మంచి ఘడియ దొరికింది.

పాత కంప్యూటరును పార్సిళ్లు తూచే బల్ల మీద పెట్టాం. గుమాస్తాలు కౌంటర్ల వెనక, ముఠావాళ్లు గుమ్మం దగ్గర. పెద్దాయన కుర్చీ వేయించుకుని తెర ముందే కూర్చున్నాడు. సిద్ధాంతిగారు గడియారం చూసి చెయ్యి ఊపారు. మేనేజరు బొట్టుతో, ప్రసాదం కళ్లకద్దుకుని, పాత లైబ్రరీని తీసేసే ఆదేశం కొట్టాడు.

"ఇప్పుడు ఫైళ్ల జాబితా అడగండి," అన్నాను.

అడిగాడు. లైబ్రరీ దొరకలేదని తెర మీద పడింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే పడింది. తేదీ అడిగినా, ఇంకేది అడిగినా అదే జవాబు.

పెద్దాయన కుర్చీలో కదిలాడు. "ఇది ఎవరి చెయ్యి?"

సిద్ధాంతిగారు గొంతు సవరించుకుని, "యజమాని జాతకం కూడా ఒకసారి చూస్తే..." అన్నారు. ముఠావాళ్లు ఈసారి నవ్వు ఆపుకోలేదు.

"ఇంకా ఆపలేదు, తెర బతికే ఉంది," అని నేను నా సహోద్యోగిని పిలిచాను. ఫోనులో చెప్పిన చిన్న పనిముట్టుతో అతను పాత లైబ్రరీని తెచ్చి దాని చోట పెట్టాడు. జాబితా అడిగాడు. వచ్చింది.

"అంటే ఆ రోజు స్విచ్చు ఆపకుండా ఉంటే ఇంతలో అయిపోయేదా?" పెద్దాయన అడిగాడు.

"అయ్యేదండీ."

"పళ్లు?"

"ఒక్క బుట్ట కూడా ఆగేది కాదండీ."

ఆయన మేనేజరు వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువగా వినపడింది.

మధ్యాహ్నం రాహుకాలం మొదలయ్యాక నా సహోద్యోగి బల్ల దగ్గర కూర్చున్నాడు. పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన కొత్త లైబ్రరీని పెట్టాడు. అది ఉందన్న సంగతి కంప్యూటరుకు తెలియజేశాడు. కొత్త బుకింగ్ సాఫ్టువేరు నడిపితే నడిచింది. పాతది నడిపితే అదీ నడిచింది. కంప్యూటరును ఆపి మళ్లీ వేశాడు. లేచింది. పెద్దాయన తన పేరున ఒక బుట్ట బుక్ చేయించుకుని రసీదు చూశాడు. ముఠా పోలిక ఆయనకు పొద్దునే చెప్పాను.

"రెండు ముఠాలూ ఉన్నాయా లోపల?"

"ఉన్నాయండీ."

"కొట్టుకోవా?"

"ఎవరి పేరుతో పిలిస్తే వాళ్లే వస్తారండీ."

పెద్దాయన లేచాడు. "కుర్రాడిది తప్పు లేదు," అని మేనేజరుతో అని, లోపలికి వెళ్లబోయాడు.

నేను అడ్డం నిలబడ్డాను. "అయ్యా, తప్పు అతనిదని ఈ హాల్లో అందరి ముందూ అన్నారు. కాదన్నది కూడా ఇక్కడే, అందరికీ వినపడేలా అనాలి."

మన దేశంలో నింద వేయడానికి మైకు పెడతారు, వెనక్కి తీసుకోవడానికి చెవిలో గుసగుసలాడతారు. ఆ చెవి పోగానే నింద మళ్లీ మిగిలిపోతుంది. పెద్దాయనకు అర్థమైంది. మేనేజరు వైపు చెయ్యి చూపాడు. మేనేజరు అందరి వైపూ తిరిగి, చొక్కా సర్దుకుని, చిన్నగా నవ్వాడు.

"మొన్న జరిగిందాంట్లో ఎవరి తప్పూ లేదు. సిస్టమ్ ప్రాబ్లం వచ్చింది, అంతే. అందరూ పనులు చూసుకోండి."

అప్పటిదాకా ఆ మనిషి అన్న అన్ని మాటల కన్నా ఈ మాట నన్ను ఎక్కువ మండించింది. గ్రహాల మీద పెట్టాడు, మనిషి మీద పెట్టాడు, రెండూ కుదరకపోతే నోరులేని యంత్రం మీద పెట్టాడు. నేను నోరు తెరిచేలోపు నా సహోద్యోగి లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"సిస్టమ్ ఏ తప్పూ చేయలేదు సార్. తీసెయ్యమన్నారు, తీసేసింది. ఆపారు, ఆగిపోయింది."

పెద్దాయన గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఎవరు తీసెయ్యమంది?"

మేనేజరు సిద్ధాంతిగారి వైపు చూశాడు. సిద్ధాంతిగారు గడియారం వైపు చూశారు.

"నిన్నే అడిగేది."

"నేనేనండీ."

"ఆపింది?"

"అదీ నేనేనండీ."

"ముఠావాళ్లకు వినపడలా."

మేనేజరు మళ్లీ అన్నాడు. ఈసారి బయట లారీ మీద ఉన్నవాళ్లు కూడా బుట్టలు దించి ఇటు చూశారు.

నా సహోద్యోగి వాళ్లెవరి వైపూ చూడలేదు. "సాయంత్రం బళ్లు వచ్చేదాకా కౌంటర్లు ఖాళీయే. అసలు కంప్యూటరులో కొత్తది ఇప్పుడే పెట్టేస్తా గురువుగారూ," అని ఆగ్నేయం మూలకు నడిచాడు. రాహుకాలం ఇంకా పోలేదు. ఆ మాట గుర్తుచేసే ధైర్యం హాల్లో ఎవరికీ లేకపోయింది.